మొదటి పేషెంటును చేర్చుకునే ముందు: థీసిస్ గైడ్‌లకు, ఎథిక్స్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

పీజీ థీసిస్‌లకు గైడ్‌లుగా ఉన్న సీనియర్ డాక్టర్లకు, ఎథిక్స్ కమిటీల సభ్యులకు, వైద్య పత్రికల సంపాదకులకు నమస్కారం.

నేను బయోస్టాటిస్టిక్స్ చదువుకుని, పద్దెనిమిదేళ్లుగా డాక్టర్ల లెక్కలు చేసిపెడుతున్న మనిషిని. మీ విద్యార్థులు నా గదికి ఎప్పుడు వస్తారో, ఏం పట్టుకుని వస్తారో మీలో చాలామంది చూసి ఉండరు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఎక్కువమంది సబ్మిషన్‌కు వారం ముందు వస్తారు. పోయిన నెల వచ్చిన అమ్మాయికి మూడు రోజులే ఉంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. పెన్‌డ్రైవ్ నా టేబుల్ మీద పెట్టి, “మేడమ్, పీ వాల్యూలు వేసి ఇస్తారా?” అంది. నిజంగా ఏ తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా కనపడే అవకాశం ఎంతో చెప్పే అంకె పీ వాల్యూ. అది 0.05 లోపు ఉంటే ఫలితం గట్టిదేనని అనుకోవడం అలవాటు. సర్టిఫికెట్ మీద స్టాంపు వేయించుకుపోదామని వచ్చినట్టే అడిగింది. అందులో ఆమె తప్పేమీ లేదు. సీనియర్లు అలాగే చేయించుకున్నారు, ఆమెకూ అలాగే చెప్పారు.

షీటు తెరిచాను. 60 వరసలు. కొత్త మందు గ్రూపులో 30 మంది, పాత మందు గ్రూపులో 30 మంది. ఆమె ఎవరో బయటపడకుండా అంకెలు కొద్దిగా మార్చి చెబుతున్నాను, విషయం మాత్రం అదే. ఆడా మగా అని రాసే గడిలో కొన్నిచోట్ల ‘ఎఫ్’, కొన్నిచోట్ల ‘ఫిమేల్’, ఇంకొన్నిచోట్ల ‘ఎఫ్’ పక్కన కంటికి కనపడని ఒక స్పేస్. మనకు ముగ్గురూ ఆడవాళ్లే, కంప్యూటర్‌కు మాత్రం మూడు వేరువేరు జాతులు. ఒకాయన వయసు 220. అయిదుగురికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయలేదట, ఖాళీగా వదిలితే బాగుండదని 99 అని వేసింది. ఆ 99లు కూడా కలిసిపోయి సగటు క్రియాటినిన్ 9 దాటింది. అదే నిజమైతే వార్డు వార్డంతా డయాలసిస్ మీద ఉండాలి.

ఇవన్నీ ఒక పూట కూర్చుంటే సరిచేయగలిగినవే. నన్ను ఆపింది ఆరు పసుపు వరసలు.

“ఈ పసుపు రంగేంటమ్మా?”

“వాళ్లు ఫాలోఅప్‌కి రాలేదు మేడమ్. తీసేయమన్నారు.”

ఆరుగురిలో అయిదుగురు కొత్త మందు గ్రూపు వాళ్లే. తీసేస్తే కొత్త మందుతో 25 మందిలో 20 మందికి తగ్గింది, అంటే 80 శాతం. పాత మందుతో 29 మందిలో 20 మందికి, 69 శాతం. కొత్త మందు గెలిచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ ఆరుగురినీ తిరిగి కలిపి, రానివాళ్లకు తగ్గలేదనే లెక్క వేయండి. ఇటు 30 మందిలో 20, అటు 30 మందిలో 20. తేడా అంతా ఆ పసుపు రంగులోనే ఉంది.

మరి వాళ్లెందుకు రాలేదు? మందు పడక మానేశారా? తగ్గిపోయింది కదా అని మానేశారా? ఊరు మారారా? చనిపోయారా? ఆ అమ్మాయి దగ్గర ఫోన్ నంబర్లు లేవు, కేసు షీటులో ఆ గడే లేదు. రానివాళ్లకు ఫోన్ చేసి కారణం రాసుకోవాలని పని మొదలైన రోజు ఎవరూ చెప్పలేదు. ఆ కారణం ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు. రానివాళ్లు రాకపోవడానికి, మందుకు సంబంధం లేదని అనుకుంటేనే పనిచేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. అలా అనుకోవడానికి ఆధారం మాత్రం పేషెంట్ల దగ్గరే ఉంటుంది, నా దగ్గర ఉండదు.

1938లో భారత గణాంక సదస్సులో అధ్యక్షుడిగా మాట్లాడుతూ, ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన రొనాల్డ్ ఫిషర్ ఈ మాటే అన్నాడు: ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్‌ను పిలవడమంటే పోస్టుమార్టం చేయమన్నట్టే, ప్రయోగం దేనివల్ల చచ్చిపోయిందో మాత్రం చెప్పగలడు అని. మా వాళ్లందరం ఈ మాట చెప్పుకుని నవ్వుకుంటాం. పోస్టుమార్టం చేసేవాడికి కనీసం శవాన్నయినా అప్పగిస్తారు. మాకు షీటు ఒక్కటే ఇస్తారు.

గైడ్‌లతో మొదట మాట్లాడాల్సింది ఆ 30 అంకె గురించి. ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరిని అడిగినా “30 ఉంటే చాలట కదా” అంటారు. సగటుల పంపిణీ గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండే ఒక ఉజ్జాయింపు మాట నోళ్లలో నలిగి నలిగి వైద్య పరిశోధనకు శాసనమైపోయింది. లెక్క వేసి చూద్దాం. పాత మందుతో నూటికి 20 మందికి కాంప్లికేషన్ వస్తోంది, కొత్త మందు దాన్ని నిజంగానే సగానికి, అంటే 10కి తగ్గిస్తుంది అనుకోండి. చిన్న ప్రయోజనమేమీ కాదు. ఆ తేడాను 80 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపులో దాదాపు 200 మంది కావాలి. 30 మందితో చేస్తే దొరికే అవకాశం సుమారు అయిదింట ఒక వంతు. పనిచేసే మందును చేతిలో పెట్టుకుని, అయిదింట నాలుగుసార్లు ‘తేడా లేదు’ అని రాసి బైండింగ్ చేయిస్తున్నామన్నమాట. తేడా దొరకలేదు అనడం వేరు, తేడా లేదు అనడం వేరు. థీసిస్ చివరి పేజీలో ఈ రెండూ ఒకటైపోతాయి.

అలాగని సంఖ్య పెంచితే సరిపోతుందనీ అనను. 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచురించిన, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ట్రయల్‌లో ఉన్నది మొత్తం 107 మంది క్షయ రోగులే. 55 మందికి మందూ బెడ్ రెస్టూ, 52 మందికి బెడ్ రెస్ట్ ఒక్కటే. ఆరు నెలలకు మందు గ్రూపులో నలుగురు, రెండో గ్రూపులో 14 మంది చనిపోయారు. వైద్య చరిత్రను మలుపు తిప్పిన ఆ పనిలో కష్టమైన లెక్కలు దాదాపు ఏమీ లేవు. ఆ ట్రయల్ స్టాటిస్టీషియన్ ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బుర్ర పెట్టిందంతా పేషెంట్లను చేర్చుకోక ముందరి ఏర్పాట్ల మీదే. ఎవరు ఏ గ్రూపులో పడతారో యాదృచ్ఛిక అంకెలతో ముందే నిర్ణయించి, సీలు వేసిన కవర్లలో పెట్టించాడు. పేషెంటు ట్రయల్‌కు తగినవాడని ఖాయం చేసుకున్నాకే కవరు తెరవాలి. ఎక్స్‌రేలు చదివినవాళ్లకు అది ఎవరి ఫిల్మో, ఏ గ్రూపుదో తెలియదు.

ఆ సీలు కవరు ఎందుకు అంత ముఖ్యమో మీ వార్డులోనే చూడవచ్చు. ఒక రోజు కొత్త మందు, ఒక రోజు పాత మందు అని వంతులు వేసుకున్న పనులు నా దగ్గరికి చాలా వస్తాయి. వచ్చేది ఏ మందో డాక్టరుకు ముందే తెలుసు. బాగా సీరియస్‌గా ఉన్న పెద్దాయనను చూస్తే ‘ఈయనను రేపు చేర్చుకుందాంలే’ అనిపిస్తుంది. అందులో మోసం లేదు, పేషెంటు మీద ప్రేమే ఉంది. కానీ ఆ ప్రేమ వల్లే రెండు గ్రూపులూ మొదటి రోజు నుంచే వేరువేరు మనుషులతో నిండుతాయి. ఆ తర్వాత నేను ఎన్ని అడ్జస్ట్‌మెంట్లు చేసినా డాక్టరు మనసులో ఏం మెదిలిందో షీటులో ఉండదు.

ఇక పీ వాల్యూల వేట. దీంట్లో నా పాపం కూడా ఉంది, ముందు అదే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ డాక్టరుగారి డేటాకు, రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ టెస్టు చేస్తే పీ వాల్యూ 0.07 వచ్చింది. ఆయన మొహం చిన్నబోయింది. “ఇంకేదైనా టెస్టు చూడమ్మా” అన్నారు. సగటుల బదులు విలువల వరస క్రమాన్ని పోల్చే మాన్-విట్నీ టెస్టు చేస్తే 0.04 వచ్చింది. అదే రాసిచ్చాను. ఆ టెస్టు తప్పని కాదు, ఆ డేటాకు నిజానికి అదే నప్పేదేమో కూడా. కానీ నేను దాన్ని ఎంచుకున్నది డేటాను చూసి కాదు, ఆయన మొహం చూసి. ఏ టెస్టు చేయాలో ముందే రాసిపెట్టుకుని ఉంటే ఆయన అడిగేవారూ కాదు, నేను వెతికేదాన్నీ కాదు.

ఒక్కో థీసిస్‌లో ఇరవై, ముప్ఫై పోలికలు ఉంటాయి. వయసును బట్టి, షుగరు ఉన్నవాళ్లలో, లేనివాళ్లలో, పొగ తాగేవాళ్లలో అంటూ. అసలు ఏ తేడా లేని చోట కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికలు చేస్తే, ఒక్కటైనా 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటే థీసిస్ ముగింపులోకి ఎక్కుతుంది.

1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్ దీన్ని చూపించినంత ముచ్చటగా ఇంకెవరూ చూపించలేదు. గుండెపోటు వచ్చిన 17,187 మందితో చేసిన పని అది. ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది. ఉపవర్గాల ఫలితాలను నమ్మితే ఏమవుతుందో చూపడానికి పరిశోధకులు పేషెంట్లను పుట్టినతేదీని బట్టి రాశులవారీగా విడగొట్టారు. మిథున, తుల రాశుల వాళ్లకు ఆస్పిరిన్ కొంచెం చేటే చేసినట్టు వచ్చింది, మిగతా రాశుల వాళ్లకు బ్రహ్మాండంగా పనిచేసినట్టు వచ్చింది. 17 వేల మందిలోనే ఇలా వస్తే, 60 మందిని ‘షుగరున్న, అరవై దాటిన మగవాళ్లు’ అని విడగొడితే వచ్చే ఫలితాన్ని ఏమనాలి? రాశి పేరు చూస్తే నవ్వొస్తుంది. షుగరు అని ఉంటే మాత్రం ‘బయలాజికల్‌గా కరెక్టే కదా’ అంటూ ఒక పేజీ డిస్కషన్ రాసేస్తాం.

బయలాజికల్‌గా కరెక్టు అన్న ధైర్యం మనుషుల ప్రాణాలే తీసింది. గుండెపోటు తర్వాత గుండె లయ తప్పి అదనపు స్పందనలు వచ్చేవాళ్లలో హఠాన్మరణాలు ఎక్కువ. కాబట్టి ఆ స్పందనలను అణిచే మందు ఇస్తే మరణాలు తగ్గాలి. ఇందులో తప్పు పట్టడానికేముంది? ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఆ స్పందనలను చక్కగా అణిచాయి, డాక్టర్లు నమ్మకంగా రాశారు. చివరికి కాస్ట్ అనే ట్రయల్‌లో మరణాలు లెక్కపెట్టారు. సగటున పది నెలల్లో, మందు వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తి మాత్ర వాడిన 743 మందిలో 26 మంది. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. ఆ ట్రయల్ మొదలుపెట్టినప్పుడు పేషెంట్లలో సగం మందికి మంచి మందు ఇవ్వకుండా ఆపుతున్నారని బాధపడ్డవాళ్లూ ఉన్నారు. లెక్కపెట్టాల్సింది ఈసీజీలోని గీతలనా, మనుషులనా అన్నది ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేయాలో ముందే రాసుకునే ప్రణాళిక) రాసే రోజు తేలాల్సిన ప్రశ్న. డేటా చేతికొచ్చాక ఆ ప్రశ్న వేసుకోవడానికి వీలే ఉండదు.

కంట్రోల్ గ్రూపు లేకుండా ‘మందుకు ముందు, మందు తర్వాత’ అని చేసే థీసిస్‌ల గురించి కూడా ఒక మాట. బీపీ 160 దాటినవాళ్లనే ఏరి చేర్చుకుంటారు. ఆ రోజు కొందరికి నిజంగానే అంత ఉంటుంది, కొందరికి మెట్లెక్కి వచ్చినందుకో, టెన్షన్ వల్లో అంత చూపిస్తుంది. నెల తర్వాత మళ్లీ చూస్తే ఆ రెండోరకం వాళ్ల వల్ల సగటు దిగుతుంది. సున్నం బిళ్ల ఇచ్చినా దిగుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో ఈ వెనక్కి తగ్గడాన్ని చూపించాడు. మనం ఇంకా దానికి మందు పేరు పెట్టి పేపర్లు రాస్తున్నాం.

రెండు పరికరాలను పోల్చే పనులైతే మరీ. కొత్త బీపీ మెషిన్‌కూ పాతదానికీ కోరిలేషన్ (రెండు రీడింగులూ కలిసి పెరిగి తగ్గుతున్నాయా అని చూపే అంకె, గరిష్ఠం 1) 0.95 వచ్చింది, కాబట్టి ఒకదాని బదులు ఒకటి వాడొచ్చు అని రాస్తారు. కొత్తది ప్రతిసారీ 15 ఎక్కువ చూపించినా కోరిలేషన్ తగ్గదండీ. ఒక్కో పేషెంటుకు రెండు రీడింగుల మధ్య తేడా ఎంతో చూడాలని స్టాటిస్టీషియన్లు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే విడమరచి చెప్పారు. పది నిమిషాల పని అది.

ఎథిక్స్ కమిటీ పెద్దలారా, ఇక మీతో. కన్సెంట్ ఫారం భాష, బీమా, రక్తం ఎన్ని మిల్లీలీటర్లు అన్నవి మీరు జాగ్రత్తగా చూస్తారు. శాంపిల్ సైజు దగ్గరికి వచ్చేసరికి ‘అది టెక్నికల్ విషయం’ అని పేజీ తిప్పేస్తారు. ఏ జవాబూ చెప్పలేని స్టడీకి పేషెంటు చేత సంతకం పెట్టించుకోవడం టెక్నికల్ విషయం ఎలా అవుతుంది? మనిషి తన చేయి చాపి సూది గుచ్చించుకునేది రేపు ఇంకొకరికైనా ఉపయోగపడుతుందనే కదా. ‘30 మందిలో సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ రాలేదు, మందు సురక్షితం’ అన్న వాక్యాన్ని మీరు ఎన్నో రిపోర్టుల్లో చూసి సంతకం పెట్టి ఉంటారు. 30 మందిలో ఒక్కరికీ రాలేదంటే, అసలు రేటు నూటికి పది దాకా ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉందని అర్థం. మూడును పేషెంట్ల సంఖ్యతో భాగిస్తే చాలు, దీనికి నేను కూడా అక్కర్లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ముఖ్య ఫలితం ఏదో ఒకే ఒక్కటి పేరు పెట్టి చెప్పని ప్రోటోకాల్‌ను, శాంపిల్ సైజు ఏ లెక్కతో వచ్చిందో చూపని ప్రోటోకాల్‌ను వెనక్కి పంపండి. రానివాళ్లను ఎలా వెతుకుతారో, వాళ్లను లెక్కలో ఎలా చూపిస్తారో అడగండి. మీ కమిటీలో గణాంకాలు తెలిసిన మనిషి ఉంటే, ఆయనను కోరం నింపడానికి కూర్చోబెట్టకుండా మాట్లాడనివ్వండి.

సంపాదకులకు ఎక్కువ చెప్పను. ట్రయల్‌ను ముందే రిజిస్టర్ చేస్తేనే అచ్చు వేస్తామని పెద్ద పత్రికల సంపాదకులు 2005 నుంచి అమలు చేస్తున్నారు. ఆ రిజిస్టర్ తెరిచి, ముందు రాసుకున్న ముఖ్య ఫలితమే పేపర్‌లో ఉందా అని పోల్చి చూసే ఓపిక మాత్రం చాలామందికి లేదు. 0.05 అన్నది ఫిషర్ 1925లో వీలుగా ఉంటుందని పెట్టుకున్న గీత. 0.049కి శాలువా కప్పి, 0.051ని గుమ్మంలోంచే పంపేయడానికి అందులో ఏ శాస్త్రమూ లేదు. దాని ఒక్కదాని మీదే శాస్త్రీయ నిర్ణయాలు చేయవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే చేసింది. తేడా ఎంత, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చు అన్నది అడగండి. తేడా దొరకని మంచి పనిని కూడా అచ్చు వేయండి. వేయకపోతే అదే పనిని ఇంకో చోట ఇంకో విద్యార్థి మళ్లీ చేస్తాడు, మళ్లీ ఇంకొంతమంది పేషెంట్ల చేతులకు సూదులు.

మా తప్పులూ ఉన్నాయి. మేం అర్థం కాని మాటల వెనక దాక్కుంటాం. జబ్బు ఏమిటో అడగకుండానే టెస్టు చేసేస్తాం. పేపర్లో పేరు వేస్తామంటే కొన్నిసార్లు అడగాల్సిన ప్రశ్న మింగేస్తాం. డగ్ ఆల్ట్‌మన్ 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్య పరిశోధన నాసిరకంగా ఉందని బాధపడుతూ రాసినప్పుడు, కెరీర్ కోసం పరిశోధన చేయక తప్పని పరిస్థితినే తప్పుబట్టాడు. తక్కువ పరిశోధన, మెరుగైన పరిశోధన, సరైన కారణాలకు చేసే పరిశోధన కావాలన్నాడు. ముప్ఫై ఏళ్లు దాటింది. ఆ పరిస్థితిలో మీరూ, మేమూ, ఆ పసుపు వరసల అమ్మాయీ అందరం ఒకే పడవలో ఉన్నాం. ఆమెకు చివరికి ఏం చేశానంటారా? ఆ ఆరుగురినీ కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి రెండు పట్టికలూ ఇచ్చి, రెండూ వేయమన్నాను. వేసిందో లేదో నాకు తెలియదు.

పోయిన వారం మాత్రం ఒక కుర్రాడు వట్టి తెల్లకాగితం పట్టుకుని వచ్చాడు. ఇంకా ప్రోటోకాల్ రాయలేదట. ఒక ఇన్ఫెక్షన్‌కు రెండు యాంటీబయాటిక్‌లను పోల్చాలని అతని ఆలోచన. అలాంటి కేసులు నెలకు ఎన్ని వస్తాయని అడిగాను. ఆరేడు అన్నాడు. పేషెంట్లను చేర్చుకోవడానికి ఏడాదిన్నర ఉంది. అంటే నూరు చిల్లర. లెక్క వేస్తే నాలుగు వందలు కావాల్సి వచ్చింది. “అయితే ఈ టాపిక్ మానేయాలా మేడమ్?” అన్నాడు. మానక్కర్లేదు, ప్రశ్న మార్చుకో అన్నాను. ఈ జబ్బుతో ఇంటికి వెళ్లినవాళ్లలో నెలలోపు మళ్లీ అడ్మిట్ అయ్యేది నూటికి ఎంతమంది? వందమందితో ఆ శాతాన్ని, ఎంత పెద్దదైనా సరే, అటు పది ఇటు పది తేడాతో చెప్పగలం. ప్రతి ఒక్కరి ఫోన్ నంబరుతో పాటు ఇంట్లోవాళ్ల నంబరు కూడా తీసుకోవాలి. పీ వాల్యూ అసలు ఉండదు.

గంటసేపు కూర్చుని కాగితం రెండు వైపులా నింపుకున్నాడు. లేచేటప్పుడు, “పీ వాల్యూ లేకపోతే సార్ ఒప్పుకుంటారా మేడమ్?” అన్నాడు. అడిగి చూడమన్నాను. ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
మీ బయోస్టాటిస్టీషియన్